డ్రిల్లు వూగుతోంది – తప్పెవరిది?

ఈ సావనీరులో రోబోల గురించీ, కృత్రిమ మేధ గురించీ, ఉపగ్రహాల గురించీ వ్రాసేవారికి కొదవ వుండదు. వారికి నా నమస్కారం. నేను మాత్రం ఒక డ్రిల్లు తొడిమ గురించి వ్రాయదలిచాను. తొడిమ అంటే షాంకు. డ్రిల్లును యంత్రం పట్టుకునే చోటు. వర్క్‌షాపు ప్రాక్టికల్సులో దానిని అందరమూ చేత్తో పట్టుకున్నవాళ్ళమే, రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్నవాళ్ళమే. అంతటితో మరిచిపోయినవాళ్ళమూ మనమే. నేనూ మరిచిపోయాను. అందువల్ల జరిగిన నష్టం ఒకటుంది. ముందుగా అది చెబుతాను.

1979లో డిగ్రీ చేత పుచ్చుకుని ఒక మధ్యతరహా ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. పోతయినుముతో పోసిన పంపు ఫ్లాంజీలకు 22 మి.మీ. బెజ్జాలు వేసే పని నడుస్తోంది. రేడియల్ డ్రిల్లింగు మిషను మీద నలభై యేళ్ళ ఆపరేటరు ఒకాయన వుండేవాడు. నెమ్మదస్తుడు. ఒకరోజు ఇన్‌స్పెక్షనులో ఇరవై ఆరు ఫ్లాంజీలు తిరిగొచ్చాయి. 22 వుండవలసిన బెజ్జాలు 22.6, 22.7 వచ్చాయి. కొన్ని గుండ్రంగా కూడా లేవు, కోడిగుడ్డు ఆకారంలో వున్నాయి. తిరస్కరణ కాగితం మీద "కారణం" అని ఒక గడి వుంటుంది. దానిని నింపవలసినవాణ్ణి నేను. మిషను దగ్గరికి వెళ్ళి చూశాను. డ్రిల్లు తొడిమకు బీడీకట్ట కాగితం చుట్టి వుంది. "ఇదేమిటయ్యా?" అంటే, "వూగుతోంది సార్, పొద్దున్నించీ చెబుతూనే వున్నాను" అన్నాడు. నాకు కాగితం కనబడింది గాని ఆ మాట వినబడలేదు. గడిలో "ఆపరేటరు అశ్రద్ధ" అని వ్రాసి సంతకం పెట్టాను.

ఆ సంగతి అక్కడ వుంచి, అసలు డ్రిల్లు యంత్రంలో ఎలా నిలబడుతుందో చూద్దాం.

మన ఇళ్ళల్లో స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి దూర్చి పెడతారు. ఒక్కోసారి రెండు గ్లాసులు ఎంత లాగినా రావు. బిగించినవాడు ఎవడూ లేడు, మరచుట్టు లేదు, జిగురు లేదు. వాలుగా వున్న రెండు గోడలు ఒకదానినొకటి నిండా తాకాయి, అంతే. డ్రిల్లు తొడిమ కూడా అలాంటి గ్లాసే. స్పిండిలు రెండవ గ్లాసు. ఈ వాలును టేపరు అంటాం. డ్రిల్లులకు వాడేది మోర్స్ టేపరు. స్టీఫెన్ మోర్స్ అనే అమెరికన్ 1863లో మెలిక డ్రిల్లుకు పేటెంటు పొందాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఆయన పేరు మీద నడిచిన కంపెనీ ద్వారా ఈ టేపరు లోకమంతా పాకింది. అంగుళాల కాలంలో పుట్టినది మిల్లీమీటర్ల కాలంలోనూ చెక్కుచెదరకుండా వుంది.

వాలు సుమారు 20కి 1. అంటే 20 మి.మీ. పొడవు నడిస్తే వ్యాసం 1 మి.మీ. తగ్గుతుంది. నడిమి గీత నుంచి లెక్కిస్తే ఒక్కొక్క వైపు వాలు డిగ్రీన్నర లోపే. నూనె తగిలిన ఉక్కు మీద ఉక్కు జారాలంటే సుమారు 6 నుంచి 8 డిగ్రీల వాలు కావాలి. డిగ్రీన్నర వాలు మీద అది జారదు. ఒక్క పోటు పొడిస్తే అలాగే అతుక్కుని వుంటుంది. పని చేసేటప్పుడు డ్రిల్లును పైకి నెట్టే బలం దానిని ఇంకా బిగిస్తుంది. ఎంత గట్టిగా కోస్తే అంత గట్టిగా పట్టు. ఇది ఆలోచించిన కొద్దీ ముచ్చటైన ఏర్పాటు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. తొడిమ చివర చదునుగా నాలుకలాంటిది వుంటుంది. దానిని టాంగు అంటారు. డ్రిల్లును తిప్పేది ఆ టాంగే అని మన విద్యార్థులలో నూటికి తొంభైమంది నమ్మకం. వైవాలో నేను అడిగి చూశాను గనుక చెబుతున్నాను. తిప్పేది టాంగు కాదు, టేపరు గోడల పట్టు. టాంగు ముఖ్యంగా వున్నది డ్రిఫ్టు పెట్టి డ్రిల్లును కిందికి దించడానికి. టాంగు మెలికపడిందన్నా, విరిగిందన్నా, దాని అర్థం టేపరు పట్టడం మానేసి భారమంతా పాపం దాని నెత్తిన పడిందని. మెలికపడిన టాంగును చూసి "డ్రిల్లు నాసిరకం" అనడం, జ్వరం వచ్చిందని థర్మామీటరును తిట్టడంలాంటిది.

మోర్స్ టేపరులో 0 నుంచి 7 వరకు నంబర్లున్నాయి. 2వ నంబరుకు లావు కొస వ్యాసం 17.780 మి.మీ., 3వ నంబరుకు 23.825, 4వ నంబరుకు 31.267. డ్రిల్లు చిన్నది, స్పిండిలు పెద్దది అయినప్పుడు మధ్యలో స్లీవు వేస్తాం. లోపల చిన్న నంబరు, బయట పెద్ద నంబరు. 22 మి.మీ. డ్రిల్లుకు తొడిమ 2వ నంబరు. మా రేడియల్ మిషను స్పిండిలు 4వ నంబరు. కనుక స్లీవు తప్పదు.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. ఈ నంబర్లన్నిటికీ వాలు ఒకటి కాదు! 2వ నంబరుకు 20.020కి 1. 3వ దానికి 19.922కి 1. 4వ దానికి 19.254కి 1. ఎందుకిలా తలా ఒక తీరుగా వున్నాయంటే పాతకాలపు తయారీ అలా స్థిరపడిపోయింది, ప్రమాణాలు వ్రాసినవారు దానినే ఆమోదించారు. కాని చాలా పుస్తకాలలో గుండుగుత్తగా "అడుగుకు 5/8 అంగుళం" అని వ్రాసి పారేస్తారు. అది లెక్కవేస్తే 19.2కి 1. నాలుగవ నంబరుకు అది దాదాపు సరిపోతుంది. రెండవ నంబరుకు సరిపోదు.

ఎంత తేడా? కోణంలో చూస్తే నాలుగు నిమిషాల లోపు, అంటే డిగ్రీలో పదహారో వంతు. లేతు మీది కాంపౌండు స్లయిడు గీతల్లో అది కనబడనే కనబడదు. కాని తొడిమ 65 మి.మీ. మేర పట్టాలనుకుంటే, ఆ పొడవులో వ్యాసానికి వచ్చే తేడా 0.14 మి.మీ. ఒక కొస అతికితే రెండవ కొస దగ్గర అంత సందు. ఆ సందులో తొడిమ అటూ ఇటూ ఆడితే, రెండువందల చిల్లర మిల్లీమీటర్ల కింద వున్న డ్రిల్లు ముక్కు దగ్గర అది అరమిల్లీమీటరు ఆట అవుతుంది. 22 బెజ్జం 22.6 కావడానికి ఇంకేం కావాలి?

మా ఫ్యాక్టరీలో జరిగింది అచ్చంగా ఇదే. పాత స్లీవు పగిలిపోతే, కొత్తది కొనడం ఆలస్యమని బయట లేతు షాపులో చేయించారు. ఆ టర్నరు ఒకే సెట్టింగు మీద బయటా తిరగేశాడు, లోపలా తిరగేశాడు. బయట నాలుగవ నంబరు బ్రహ్మాండంగా కుదిరింది. లోపల రెండవ నంబరు కుదరలేదు. స్పిండిల్లో పెట్టి చూసినవాళ్ళంతా స్లీవు బయటి పట్టు చూసి "బాగుంది" అన్నారు.

దానిని పట్టుకున్నవాడు నేను కాదు. మెయింటెనెన్సులో రిటైరుమెంటుకు దగ్గరపడిన ఫిట్టరు మేస్త్రి ఒకాయన వున్నాడు. రెండు రోజుల తరువాత టాంగు మెలికపడి డ్రిల్లు ఆగిపోతే ఆయనను పిలిచారు. నేను పక్కనే నిలబడ్డాను. ఆయన స్లీవు తీసి, నావైపు చూసి, "బాబూ, బయట చూశారు, లోపల చూశారా?" అన్నాడు. జేబులోంచి నీలంరంగు డబ్బీ తీశాడు. ప్రష్యన్ బ్లూ. వర్క్‌షాపుల్లో మార్కింగ్ బ్లూ అంటాం. తరువాత ఆయన చేసినది వరుసగా చెబుతాను. నలభై యేళ్ళుగా నేను విద్యార్థులకు చెబుతున్నదీ అదే.

మొదట శుభ్రం చేయడం. "ఇదొక పనా?" అనకండి. తొడిమ మీద అతుక్కున్న ఒక్క ఇనుప రజను ముక్క చాలు, సన్న కొస దగ్గర అది 0.05 మి.మీ. మందం వున్నా, డ్రిల్లు ముక్కు తిరిగేటప్పుడు దానికి ఎన్నో రెట్లు పక్కకు పోతుంది. కిరసనాయిలుతో తుడిచి, తరువాత పొడిగుడ్డతో తుడవాలి. కాటన్ వేస్టు పీచు వదులుతుంది గనుక చివరి తుడుపుకు అది పనికిరాదు. స్లీవు లోపల కంటికి కనబడదు, వేలికి గుడ్డ చుట్టి తుడవాలి. (మిషను ఆగి వున్నప్పుడు సుమండీ! తిరిగే స్పిండిల్లో వేలు పెట్టినవాడి కథ ప్రతి ఫ్యాక్టరీలోనూ ఒకటి వుంటుంది, దానికి లెక్కలూ పటాలూ అక్కరలేదు.)

తరువాత చూడడం, తడవడం. తొడిమ మీద గోరు నడిపిస్తే పొడుచుకు వచ్చిన చోటు తెలుస్తుంది. డ్రిల్లు ఎప్పుడో స్లీవులో జారి గిర్రున తిరిగి వుంటే గీట్లు పడతాయి. గీటు లోపలికి వుంటే ప్రమాదం లేదు, దాని అంచు పైకి లేచి వుంటేనే అపకారం. ఆ అంచును సన్నని ఆయిల్‌స్టోనుతో, పైకి లేచినంత మేరకే రుద్దాలి. ఆకురాయి ముట్టుకోరాదు. ఎమరీ కాగితం చుట్టి మొత్తం మెరిసేలా రుద్దేవారున్నారు. మెరుపు వస్తుంది, టేపరు పోతుంది.

ఇక నీలం. తొడిమ మీద నిలువుగా మూడు చోట్ల, పొరలా పలచగా రాయాలి. పెళ్ళికూతురికి పసుపు రాసినట్టు దట్టంగా రాస్తే అంతటా అంటుకుని అబద్ధం చెబుతుంది. తొడిమను స్లీవులోకి నిదానంగా నెట్టి, కొద్దిపాటి ఒత్తిడితో పావు చుట్టు తిప్పి, తిన్నగా బయటికి లాగాలి. ఇప్పుడు తొడిమను చదవాలి. నీలం నిలువునా చెరిగి పరుచుకుని వుంటే జత కుదిరినట్టు. ముప్పాతిక భాగం తాకి, లావు కొస వైపు గట్టిగా తాకితే డ్రిల్లింగు పనికి అదే మేలైన జత. ఒకేవైపు ఒక చుక్క చెరిగితే అక్కడ బర్రు వుంది. లావు కొస మాత్రమే చెరిగితే తోక లోపల ఆడుతోంది. సన్న కొస మాత్రమే చెరిగితే అన్నిటికన్నా చెడు. డ్రిల్లును లోపలెక్కడో కొసన పట్టుకుని నోటి దగ్గర వదిలేసినట్టు. వాడకంలో అరిగిన స్పిండిళ్ళు ఎక్కువగా నోటి దగ్గరే గంటలా విచ్చుకుంటాయి. అప్పుడూ ఇదే గుర్తు వస్తుంది.

మా స్లీవులో సన్న కొస దగ్గర వేలెడు వెడల్పున నీలం చెరిగింది. మిగతాదంతా రాసినది రాసినట్టే వుంది. మేస్త్రి మంచి డ్రిల్లును మరొకటి తెప్పించి అదే స్లీవులో చూశాడు. అదే గుర్తు. ఆ డ్రిల్లును పక్క మిషను స్లీవులో చూశాడు. నిలువునా చెరిగింది. ఈ పద్ధతిని గమనించండి. రెండింటి జత కుదరనప్పుడు ఏది దోషి అన్నది ఆ రెండింటినే చూస్తూ కూర్చుంటే తేలదు. మంచిదని తెలిసిన మూడవదానిని సాక్షిగా పిలవాలి.

దోషి తేలిన తరువాత మరమ్మతు. డ్రిల్లు తొడిమదైతే స్టోను, లేదా డ్రిల్లు మార్చడం. స్లీవుదైతే మార్చడమే. స్లీవు ఎక్కడైనా దొరికే చవక వస్తువు. లేతు మీదే చేయించవలసి వస్తే డిగ్రీల గీతలు నమ్మకూడదు. మంచి తొడిమనో మాండ్రెలునో సెంటర్ల మధ్య బిగించి, దాని మీద డయలు గేజి ముల్లు చివరినుంచి చివరిదాకా కదలకుండా వుండేలా కాంపౌండును సర్ది, అప్పుడు కోయాలి. ప్రతి నంబరుకూ మళ్ళీ సర్దాలి. ఆ టర్నరుకు ఈ సంగతి తెలియదనలేను. రెండుసార్లు సర్దినందుకు ఎవరూ డబ్బివ్వరని మాత్రం తెలుసు.

స్పిండిలుదే తప్పని తేలితే అక్కడ చెయ్యి ఆపి ఆలోచించాలి. స్పిండిలు యంత్రానికి ప్రాణం. లోపల లేచిన అంచులను తీయడానికి మోర్స్ ఫినిషింగు రీమరు వుంది. దానిని చేత్తో, నూనె వేసి, ఒకే దిశలో ఒకటి రెండు చుట్లు తిప్పి, తీసి, తుడిచి, నీలం చూడాలి. వెనక్కు తిప్పితే రీమరు అంచు పోతుంది. గట్టిపరచిన స్పిండిలైతే రీమరే మొద్దుబారుతుంది. దానికి లోపలి గ్రైండింగు తప్ప వేరే దారి లేదు. మరో సంగతి. 20కి 1 వాలులో వ్యాసం 0.01 మి.మీ. పెరిగితే తొడిమ 0.2 మి.మీ. లోపలికి దిగుతుంది. 0.1 పెరిగితే 2 మి.మీ. "ఇంకొంచెం బాగా చేద్దాం" అని రీమరు తిప్పుతూ పోతే చివరికి గోడలు పట్టకముందే టాంగు పైకప్పుకు తగులుతుంది. అప్పుడు నీలం ఎంత అందంగా వచ్చినా పట్టు వుండదు. కనుక చివరన డ్రిఫ్టు గాడిలోంచి తొంగి చూసి టాంగు పైన ఖాళీ మిగిలిందో లేదో చూసుకోవాలి.

ఇవన్నీ అయిన తరువాత టెస్టు మాండ్రెలు బిగించి డయలు గేజితో చూడడం. స్పిండిలు ముక్కు దగ్గర ఒకసారి, కిందికి 200 లేక 300 మి.మీ. దూరంలో మరొకసారి. తరువాత మాండ్రెలు తీసి సగం చుట్టు తిప్పి పెట్టి మళ్ళీ చూడాలి. దోషం స్పిండిలులో వుంటే వంకర స్పిండిలుతోపాటే నిలుస్తుంది. మాండ్రెలులో వుంటే దానితోపాటు తిరిగి వస్తుంది. యంత్రాలను ఇలా పరీక్షించి అంగీకరించే విధానాన్ని బెర్లిను ప్రొఫెసరు జార్జి ష్లెసింగర్ 1927లో పుస్తకంగా వ్రాశాడు. నేటి పరీక్షా పత్రాలన్నీ ఆ దారిలోవే.

డ్రిఫ్టు గురించి రెండు ముక్కలు. దానికి ఒక అంచు గుండ్రం, ఒక అంచు చదును. గుండ్రంవైపు పైన గాడికి, చదునువైపు కింద టాంగుకు ఆనాలి. డ్రిల్లు కింద చెక్కముక్క వుంచి కొట్టాలి. డ్రిఫ్టు దొరకలేదని ఉలి పెట్టి కొడితే పడే గాట్లే రేపటి బర్రులు. వేడెక్కిన డ్రిల్లును రాత్రంతా స్పిండిల్లో వదిలేయడం కూడా మంచిది కాదు. పొద్దున్నకు అది రాదు, సుత్తికి పని పెరుగుతుంది.

మిల్లింగు మిషన్ల టేపరు వేరు. అక్కడ 24కి 7. ఒక్కొక్క వైపు వాలు 8 డిగ్రీల 18 నిమిషాలు. పైన చెప్పిన 6, 8 డిగ్రీల లెక్కను ఇది దాటిపోయింది గనుక తనంత తాను పట్టుకోదు. పైనుంచి డ్రాబారు లాగాలి, తిప్పడానికి కీలు వుండాలి. మార్చడం సులువు కావాలనే అలా పెట్టారు. సి.ఎన్.సి. మిషన్లలో మీరు చూసే బి.టి. 40 హోల్డర్లకూ ఇదే వాలు. అక్కడ జత కుదరకపోతే హోల్డరు మీద ఎర్రటి తుప్పుపొడిలాంటి మరకలు వస్తాయి. అవి తేమవల్ల వచ్చినవి కావు. పైకి బిగుతుగా వున్నట్టున్నా లోలోపల సూక్ష్మంగా రాసుకుంటోందని గుర్తు. డ్రాబారు లాగే బలం తగ్గిందేమో ముందు చూడాలి. నోటి అంచుకు కూడా ఆనేలా చేసిన హెచ్.ఎస్.కె. హోల్డర్లు జర్మనీ నుంచి వచ్చాయి, వాటి వాలు 10కి 1. వాటి గురించి మరెప్పుడైనా.

ఇంతకీ కాగితం సంగతి. ఆపరేటరు కాగితం చుట్టడం సరికాదు, ఒప్పుకుంటాను. నోటి దగ్గర సందు మూస్తే కొంతసేపు వూగడం తగ్గుతుంది. కాని చుట్టు ముగిసే చోట కాగితం రెండు పొరలవుతుంది, డ్రిల్లు ఒకవైపు ఒరుగుతుంది. నూనెకు నాని, వేడికి నలిగి అరగంటలో పోతుంది. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య వుండవలసిన పట్టు కాగితంతో రాదు. రేకుముక్క పెట్టినా ఇదే గతి. అయితే ఆయన కాగితం చుట్టింది వూగుతున్నదని పొద్దున్నించీ చెప్పి, ఎవరూ రాకపోయిన తరువాత. సందు ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. నోటి దగ్గరే చుట్టాడు, లోపల చుట్టలేదు. నీలం డబ్బీ చెప్పిన మాటనే ఆ కాగితం ముందుగా చెప్పింది. చదవడం నాకు రాలేదు.

మేస్త్రి ఆ స్లీవుకు ఎర్రరంగు పూసి, తన బెంచి మీద మేకుకు తగిలించాడు. సాయంత్రానికి స్టోర్సు నుంచి కొత్త స్లీవు వచ్చింది. మర్నాడు వేసిన బెజ్జాలు 22.1 దాటలేదు. నేను తిరస్కరణ కాగితం వెతికి పట్టుకుని, ఆఫీసుకు వెళ్ళి, ఆ గడిలో వ్రాసినది కొట్టివేసి "స్లీవు దోషం" అని వ్రాయాలన్నాను. కాగితం అకౌంట్సుకు వెళ్ళిపోయిందన్నారు. అక్కడికీ వెళ్ళాను. సంతకమైన కాగితం మార్చడానికి వీల్లేదన్నారు. ఆపరేటరుకు ఈ సంగతి చెబితే, "పోనీలెండి సార్, డ్రిల్లు ఇప్పుడు బాగా దిగుతోంది" అన్నాడు. ఆ నెల ఆయన జీతంలో కోసిన పద్దెనిమిది రూపాయలు తిరిగి రాలేదు.